బాల్యానుభవాలను కావ్యాలుగా మలచిన నవయుగ కవి చక్రవర్తి గుర్రం జాషువ

ఆధునిక తెలుగు పద్యకవిత్వానికి సామాన్యుని జీవితాన్ని వస్తువుగా అందించిన వారిలో అగ్రగణ్యులు మహాకవి గుర్రం జాషువ. నిత్యజీవితంలో కంటబడే చిన్న ప్రాణులను, బాల్యంలో ఎదురైన చేదు అనుభవాలను ఆయన చిరస్థాయిగా నిలిచే కవిత్వంగా తీర్చిదిద్దారు.

జాషువ 1895 సెప్టెంబరు 28న అప్పటి గుంటూరు జిల్లాలోని వినుకొండలో లింగమాంబ, వీరయ్య దంపతులకు జన్మించారు. ఈ పట్టణం ప్రస్తుతం పల్నాడు జిల్లాలో ఉంది. తండ్రి యాదవులు, తల్లి మాదిగ కులానికి చెందినవారు. క్రైస్తవ కుటుంబంలో ఆయన తొలి బాల్యం ఆనందంగానే గడిచింది. బడిలో అడుగుపెట్టిన నాటినుండి కష్టాలు ప్రారంభమయ్యాయి. కులం పేరిట సాగిన హేళనను ఆయన మౌనంగా సహించలేదు. తోటి పిల్లలు గేలిచేస్తే ఎదురు తిరిగేవారు. చిత్రలేఖనం, పాట, పద్యం చిన్ననాడే ఆయనకు అబ్బాయి. బాల్యమిత్రుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి సాహచర్యం ఆయన సాహిత్యాభిలాషను మరింత పెంచింది.

యౌవనంలోనూ అవమానాలు వెంటాడాయి. వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో కొప్పరపు సోదర కవులను ప్రశంసిస్తూ ఆయన పద్యాలు చదివినప్పుడు, అస్పృశ్యునికి సభాప్రవేశం ఎట్లా కల్పించారంటూ కొందరు ఆక్షేపించారు. మరోవైపు, హిందూ పురాణ గాథలను చదివి పద్యాలు రాస్తున్నారన్న కారణంగా సొంత మత సమాజం ఆయనను వెలివేసింది. రెండు వైపులా తలుపులు మూసుకున్నా ఆయన కలం విడువలేదు.

బతుకుతెరువు కోసం జాషువ పలు వృత్తులు చేపట్టారు. 1915-16 ప్రాంతంలో రాజమండ్రిలో మూకీ చిత్రాలకు వాచకునిగా పనిచేసి, తెరపై కదిలే బొమ్మలకు కథను, సంభాషణలను ప్రేక్షకులకు వినిపించేవారు. అనంతరం గుంటూరులోని లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో దాదాపు దశాబ్దం పాటు ఉపాధ్యాయునిగా ఉన్నారు. ఉభయభాషా ప్రవీణ పట్టం పొంది తెలుగు పండితునిగా సేవలందించారు. తరువాతి కాలంలో మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా కూడా పనిచేశారు.

కవితావస్తువు ఎంపికలో జాషువ దృష్టి విలక్షణమైనది. గూడు అల్లుకునే గిజిగాడు, మూలన దారం వడికే సాలీడు, తల్లి ఒడిలోని శిశువు ఆయన ఖండకావ్యాలలో కథానాయకులయ్యారు. ఎవరూ పట్టించుకోని అల్పప్రాణి పనితనాన్ని మెచ్చుకోవడం ద్వారా, గుర్తింపునకు నోచుకోని శ్రమజీవి గౌరవాన్ని ఆయన పాఠకునికి తెలియజేశారు. శ్మశానవాటిపై ఆయన రచించిన పద్యాలు హరిశ్చంద్ర నాటక ప్రదర్శనల ద్వారా పల్లెపల్లెకూ చేరి, అక్షరజ్ఞానం లేని వారి నోట సైతం పలికాయి.

1932లో వెలువడిన ఫిరదౌసి, మాట తప్పిన ప్రభువు చేతిలో మోసపోయిన పారశీక కవి వేదనకు రూపం. 1941లో వచ్చిన గబ్బిలం ఆయనకు విశేష కీర్తి తెచ్చింది. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు ప్రేయసికి మేఘంతో కబురంపగా, జాషువ కావ్యంలో ఆలయప్రవేశం లేని అరుంధతీ సుతుడు తన దైన్యాన్ని కాశీ విశ్వనాథునికి గబ్బిలం ద్వారా నివేదిస్తాడు. మనిషికి నిషిద్ధమైన గుడిలో గబ్బిలం స్వేచ్ఛగా వేలాడగలగడమే ఈ ఎంపికలోని ఆంతర్యం. అశుభమని లోకం తరిమే జీవిని దూతగా స్వీకరించి, అస్పృశ్యతలోని అమానుషత్వాన్ని ఆయన సభ్యసమాజం ముందుంచారు.

జీవిత చరమ దశలో జాషువ తన స్వీయచరిత్రను కూడా పద్యాలలోనే రాశారు. నా కథ అనే ఆ రచనలో వినుకొండ బాల్యం, తల్లిదండ్రుల వాత్సల్యం, పేదరికం, అవమానాలు సాక్షాత్కరిస్తాయి.

ఒకనాడు సభలో అడుగుపెట్టడమే నేరమన్న సమాజం అనంతరం ఆయనను సభాధ్యక్షునిగా, సన్మానితునిగా ఆహ్వానించింది. మహాకవి చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి స్వయంగా జాషువ పాదానికి గండపెండేరం తొడిగి గౌరవించారు. 1964లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యులయ్యారు. అదే ఏడాది క్రీస్తు చరిత్ర కావ్యానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. మతసమాజం వెలివేసిన కవికి క్రీస్తు జీవితగాథ ద్వారానే జాతీయ పురస్కారం రావడం విశేషం. 1970లో భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో సత్కరించింది. జోగినీ వ్యవస్థ నిర్మూలనకు కృషిచేసిన సంఘసేవకురాలు హేమలతా లవణం ఆయన కుమార్తె.

జాషువ 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశారు. పురస్కారాలు, బిరుదులు ఆయనకు ఆలస్యంగా లభించాయి. పాఠశాలలో పిల్లలు, రంగస్థలంపై నటులు, సామాజిక న్యాయం కోరే ఉద్యమకారులు నేటికీ ఆయన పద్యాన్ని ఆశ్రయిస్తున్నారు. బాల్యంలో తనకు ఎదురైన ప్రశ్నను జీవితాంతం విడువకుండా సమాజాన్ని అడిగిన కవిగా జాషువ తెలుగువారికి చిరస్మరణీయులు.