జబ్బుపడిన బిడ్డ మనసెరిగిన కవి - రవీంద్రనాథ్ ఠాగూర్

బిడ్డకు జబ్బు చేస్తే మందు ఇప్పిస్తాం. కాని ఆ బిడ్డ మనసులో ఏముందో, ఇంటిల్లిపాదీ ఎంత కలత పడుతున్నారో గమనిస్తామా? 'గీతాంజలి' కవిగా మీకు తెలిసిన ఠాగూర్ జీవితంలో ఈ ప్రశ్న పదేపదే ఎదురయింది. ఈ పాఠంలో ఆ సంగతులు తెలుసుకుందాం.

1. బాల్యం

ఠాగూర్ 1861 మే 7న కలకత్తా (నేటి కోల్‌కతా)లోని జొరాసాంకో భవనంలో జన్మించారు. సంపన్న కుటుంబమే అయినా ఆయన బాల్యం ఎక్కువగా నౌకర్ల చేతుల్లో గడిచింది. ఒక నౌకరు ఆయనను గదిలో కూర్చోబెట్టి, చుట్టూ సుద్దతో గీత గీసి, దాటవద్దని బెదిరించేవాడు. ఆ పసివాడు కిటికీలోంచి కొలనునూ మర్రిచెట్టునూ చూస్తూ గంటల తరబడి కూర్చునేవాడు. నాలుగు గోడల మధ్య చిక్కిన పిల్లవాడి బాధ ఆయనకు అప్పుడే తెలిసింది.

2. కష్టకాలం

1901లో ఠాగూర్ శాంతినికేతనంలో పాఠశాల స్థాపించారు. మరుసటి ఏడు భార్య మృణాళినీదేవి జబ్బుపడ్డారు. ఆయన స్వయంగా సేవచేసినా 1902 నవంబరు 23న ఆమె కన్నుమూశారు. అంతలోనే రెండవ కుమార్తె రేణుకకు క్షయ సోకింది. ఆ రోజుల్లో క్షయను నయంచేసే మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి ఇవే చికిత్స. అందుచేత ఆమెను హజారీబాగ్‌కు, తరువాత హిమాలయాల్లోని ఆల్మోడాకు తీసుకువెళ్లారు. రోగి పక్కన ఉంటూనే అక్కడ పిల్లల కోసం 'శిశు' గేయాలు రాశారు. 1903 సెప్టెంబరులో రేణుక చనిపోయింది. ఆమెకు పన్నెండేళ్లు. 1907లో చిన్న కుమారుడు శమీంద్రనాథ్ ముంగేరులో కలరాతో మరణించాడు. ఇన్ని దెబ్బలు తగిలినా ఠాగూర్ పాఠశాలను, రచనను విడిచిపెట్టలేదు. ఆ పనే ఆయనకు ఊతమయింది.

3. 'డాక్‌ఘర్' నాటకం

1911లో ఆయన 'డాక్‌ఘర్' రాశారు. అంటే తపాలా కార్యాలయం. అమల్ అనే జబ్బు పిల్లవాణ్ణి బయటికి పంపవద్దని వైద్యుడు కట్టడి చేస్తాడు. అమల్ కిటికీ దగ్గర కూర్చొని పెరుగు అమ్మేవాణ్ణి, కావలివాణ్ణి, పూలు తెచ్చే సుధను పలకరిస్తాడు. రాజుగారి నుంచి ఉత్తరం వస్తుందని ఎదురుచూస్తాడు. పెంచిన తండ్రి మాధవ్ భయంతో సతమతమవుతాడు. చివరికి రాజవైద్యుడు వచ్చి తలుపులూ కిటికీలూ తెరిపిస్తాడు. అమల్ ప్రశాంతంగా నిద్రలోకి జారుకుంటాడు.

1913లో ఠాగూర్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. 1941 ఆగస్టు 7న ఆయన తాను పుట్టిన ఇంట్లోనే మరణించారు. మరుసటి ఏడు, 1942 జులై 18న, పోలండులోని వార్సా నగరంలో 'డాక్‌ఘర్'ను అనాథ పిల్లలు ఆడారు. నాజీలు యూదులను నిర్బంధించిన పేట అది. ఆ పిల్లలను పోషిస్తున్న యానుష్ కోర్చాక్ పిల్లల వైద్యుడే. ఆకలి, చావు చుట్టుముట్టిన వేళ వారి మనసుకు ధైర్యం ఇవ్వడానికి ఆయన ఈ నాటకాన్ని ఎంచుకున్నారు. ఆగస్టు మొదట్లో వారందరినీ చంపడానికి ట్రెబ్లింకాకు తరలించారు. తప్పించుకునే అవకాశం ఉన్నా కోర్చాక్ పిల్లలను వదలక వారితోనే వెళ్లారు.

4. మనం గ్రహించవలసింది

ఒకప్పుడు అనేక దేశాల ఆసుపత్రులు తల్లిదండ్రులను పిల్లల వద్ద ఉండనిచ్చేవి కావు. 1959లో బ్రిటన్‌లో ప్రభుత్వ సంఘం ఒకటి ఆ పద్ధతి మార్చాలని సిఫారసు చేసింది. ఆసుపత్రిలో ఉన్న బిడ్డ మాట తగ్గించినా, తిండి మానినా, నిద్రలో ఉలిక్కిపడినా, తల్లిని వదలకపోయినా అది మొండితనం కాదు. భయానికి గుర్తు కావచ్చు. ఆ సంగతి డాక్టరుకు, నర్సుకు చెప్పాలి. జరగబోయే చికిత్సను బిడ్డకు నిజంగా, సులువుగా వివరించాలి. కథ, ఆట, తెలిసిన మనుషుల పలకరింపు ధైర్యాన్నిస్తాయి. తల్లిదండ్రులు కూడా వంతులవారీగా విశ్రాంతి తీసుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రేణుకను ఆల్మోడాకు ఎందుకు తీసుకువెళ్లారు?
2. అమల్‌కు కిటికీ ఏ విధంగా తోడయింది?
3. మీకు తెలిసిన ఒక బిడ్డ జబ్బుపడినప్పుడు ఇంట్లో ఎవరెవరు ఎలా కలత పడ్డారో, ఎలా తట్టుకున్నారో ఐదు వాక్యాల్లో రాయండి.