ఆంటన్ మకరెంకో

ఆంటన్ సెమ్యోనొవిచ్ మకరెంకో (మార్చి 13, 1888 - ఏప్రిల్ 1, 1939) సుప్రసిద్ధ సోవియట్ విద్యావేత్త, రచయిత. నేరాలకు పాల్పడిన, నిలువనీడ లేని కౌమార బాలబాలికల కొరకు ఉక్రెయిన్‌లో రెండు ప్రభుత్వ సంస్థలను నడిపాడు. వారిని మార్చేది శిక్ష కాదనీ, బాధ్యతతో కూడిన సమష్టి జీవనమనీ ఈయన విశ్వాసం.

బాల్యం, విద్య

మకరెంకో నేటి ఉక్రెయిన్‌లోని సుమీ ప్రాంతానికి చెందిన బెలోపోల్యే పట్టణంలో జన్మించాడు. తండ్రి రైల్వే కర్మాగారంలో రంగులు వేసే కార్మికుడు. 1905లో, పదిహేడవ ఏట, క్ర్యూకొవ్‌లోని రైల్వే పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరాడు. 1917లో పొల్తావా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ నుండి స్వర్ణపతకంతో ఉత్తీర్ణుడయ్యాడు.

గోర్కీ కాలనీ

ప్రపంచయుద్ధం, అంతర్యుద్ధం, కరవుల వలన లక్షలాది పిల్లలు వీధుల పాలయ్యారు. 1920లో పొల్తావా సమీపాన బాలనేరస్థుల కాలనీని నడిపే బాధ్యత మకరెంకోకు లభించింది. తరువాత దీనికి మాక్సిం గోర్కీ పేరు పెట్టారు. తొలిరోజులలో తిండికీ, బట్టకూ కూడా కొరత ఉండేది. మాట వినని ఒక బాలుని ఈయన సహనం కోల్పోయి కొట్టాడు. ఈ సంఘటనను తన రచనలో దాచలేదు, దానిని బోధనాపద్ధతిగా సమర్థించనూ లేదు.

పిల్లల గతాన్ని తవ్వకపోవడం కాలనీలో నియమంగా ఉండేది. పిల్లలు దళాలుగా ఏర్పడేవారు, దళనాయకుల మండలి నిర్ణయాలు తీసుకొనేది. ఒక్కొక్క పనికి తాత్కాలిక దళాలు కూడా ఉండేవి. అందువలన నేడు నాయకుడైనవాడు రేపు మరొకరి కింద పనిచేయవలసి వచ్చేది. దొంగతనపు చరిత్ర గల సెమ్యోన్ కలబాలిన్‌కు పట్టణం నుండి కాలనీ డబ్బు తెచ్చే పనిని మకరెంకో అప్పగించాడు. అతడు మొత్తం తెచ్చి ఇచ్చాడు. కలబాలిన్ అనంతరకాలంలో తానే అనాథ బాలల గృహాలను నడిపాడు.

1926లో సుమారు 120 మంది పిల్లలతో కాలనీ ఖార్కొవ్ దగ్గరి కుర్యాజ్ మఠానికి తరలింది. అక్కడ క్రమశిక్షణ లేని సుమారు 280 మంది పిల్లలను కొత్తగా వచ్చినవారే దారికి తెచ్చారు. అయినను విద్యాధికారులు ఈ పద్ధతిని సైనిక కవాతుగా భావించారు. 1928లో క్రూప్స్కయా బహిరంగంగా విమర్శించింది. అదే సంవత్సరం మకరెంకో కాలనీని వీడాడు.

జెర్జీన్స్కీ కమ్యూన్

అప్పటికే ఖార్కొవ్ వద్ద భద్రతా విభాగం స్థాపించిన కమ్యూన్‌లో ఈయన పనిచేస్తున్నాడు. ఇక్కడి విద్యార్థులు రోజులో కొంతసేపు పాఠశాలలోనూ, కొంతసేపు కర్మాగారంలోనూ గడిపేవారు. 1932 నుండి విద్యుత్ డ్రిల్లింగు యంత్రాలు, తరువాత ఎఫ్.ఇ.డి. కెమెరాలు ఇక్కడ తయారయ్యాయి.

రచనలు, మరణం

కాలనీ అనుభవాలతో వ్రాసిన నవల 1933-35 మధ్య మూడు భాగాలుగా వెలువడింది. ఇంగ్లీషులో ఇది రోడ్ టు లైఫ్ పేరుతో ప్రసిద్ధి. 1937లో తల్లిదండ్రుల కొరకు ఒక గ్రంథం ప్రచురించాడు. 1939లో మాస్కో సమీపాన గొలిత్సినో స్టేషనులో రైలులో గుండె ఆగి మరణించాడు.

వ్యక్తి స్వేచ్ఛ కంటె సమూహానికే ప్రాధాన్యమిచ్చాడనే విమర్శ ఈయనపై నిలిచి ఉంది. అయితే సమాజం వదలివేసిన పిల్లల చేతికే నిర్వహణను అప్పగించడం ఈయన ప్రత్యేకత.