మానవికి ఒక మనవి

శాలువా కప్పి, జ్ఞాపిక చేతిలో పెట్టి ఫొటో దిగితే గానీ మనకు సన్మానం జరిగినట్టుండదు. ఈసారి ఆ ముచ్చట కుదరదు. న్యూజెర్సీలో ‘ఆశియానా’ అని ఒక ఇల్లుంది. దాని చిరునామా రాయకూడదు, అడగనూ కూడదు. వెతుక్కుంటూ వచ్చే భర్త కంటపడకపోవడమే ఆ ఇంటికి పెద్ద తలుపు, పెద్ద తాళం. 1997లో ఆ తలుపు తెరిచిన ‘మానవి’ సంస్థకు 2025తో నలభై ఏళ్లు నిండాయి.

1985లో షమితా దాస్ దాస్‌గుప్తా, మరికొందరు కలిసి దీన్ని మొదలుపెట్టేనాటికి, అమెరికాలో దక్షిణాసియా స్త్రీల మీద జరిగే హింస గురించి పనిచేసే సంస్థ మరొకటి లేదు. చదువుకున్న కుటుంబాల్లో ఇలాంటివి ఉండవని కొట్టిపారేసే కాలం అది. ఆ తర్వాతే న్యూయార్క్‌లో సఖి, షికాగోలో అప్నాఘర్, కాలిఫోర్నియాలో మైత్రి వచ్చాయి.

మన తెలుగువాళ్లకు దీంతో ఏం పని అంటారా? న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఒక సాయంత్రం ఏ కిరాణా కొట్టు ముందైనా నిలబడండి, ఎన్ని తెలుగు మాటలు వినిపిస్తాయో. భర్త ఉద్యోగ వీసాకు అనుబంధంగా, హెచ్-4 వీసా మీద వచ్చిన కోడలికి పని అనుమతి లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు. ఆ నంబరు లేకపోతే తన పేరున అద్దె ఇల్లు దొరకడం గగనం. పాస్‌పోర్టు ఆయన బీరువాలో, కారు తాళాలు ఆయన జేబులో. ఊరికి ఫోన్ చేస్తే, ‘కాస్త సర్దుకుపోవే తల్లీ’. హింస పాలైన ఇలాంటి భార్యలు పని అనుమతి అడగవచ్చని 2005 నాటి చట్టం చెబితే, దరఖాస్తులు తీసుకోవడం మొదలైంది 2017లో!

డబ్బు సంగతి ఇంకా విచిత్రం. అమెరికాలో ఇలాంటి సేవలకు పెద్ద దిక్కు 1984 చట్టంతో వచ్చిన నేరబాధితుల నిధి. అది పన్నులతో నిండేది కాదు, ఫెడరల్ కేసుల్లో వసూలయ్యే జరిమానాలతో నిండుతుంది. పెద్ద కంపెనీల కేసులు విచారణ దాకా వెళ్లకుండా ఒప్పందాలతో ముగుస్తుంటే, ఆ సొమ్ము ఈ నిధికి రాకుండా ఖజానాకు పోయింది. 2021లో ఆ లొసుగు పూడ్చారు. అయినా 2018లో 440 కోట్ల డాలర్లు దాటిన ఏడాది కేటాయింపు 2024కి 135 కోట్లకు దిగింది. ఎక్కడో ఎవరో నేరం చేసి జరిమానా కడితే గానీ ఇక్కడొకామెకు లాయరు దొరకదన్నమాట.

ఇలాంటి మరో సంస్థకు చేతిసాయంగా వెళ్లే ఒక పెద్దావిడ నాకు తెలుసు. రిటైరయ్యాక కోర్టు వాయిదాలకు కారు నడుపుతుంటుంది. వెనక సీట్లో చంటిపిల్లల సీటు, డాష్‌బోర్డులో బిస్కెట్లు, ఒక దుప్పటి. ‘ఏం జరిగిందని అడగను, తిన్నావా అని మాత్రం అడుగుతా’ అంటుంది. ఒక ఉదయం కారెక్కిన అమ్మాయి కాళ్లకు రెండు వేర్వేరు చెప్పులున్నాయట. దారిలో ఆగి కొనిపెడదామంటే వద్దంది. జడ్జిగారికి ఇవే కనపడాలంది.

ఇంతటి మనుషులున్నా ఒక మాట చెప్పక తప్పదు. సేవాభావంతో కరెంటు బిల్లు కట్టలేం. పెద్దావిడ కారు నడపగలదు, రక్షణ ఉత్తర్వు కోసం వాదించలేదు. అర్ధరాత్రి ఫోన్ ఎత్తే కౌన్సెలర్‌కు నెల తిరిగేసరికి జీతం అందాలి. నిధి తగ్గిన ప్రతిసారీ ‘మీ ఓపిక గొప్పది’ అని మెచ్చుకుని పక్కకు తప్పుకోవడం నాకైతే మర్యాదగా తోచదు.

షమిత సంపాదకత్వంలో 1998లో వచ్చిన పుస్తకం పేరు ‘ఎ ప్యాచ్‌వర్క్ షాల్’. ముక్కలు అతికి కుట్టిన శాలువా. మన అమ్మమ్మలు పాత చీరలతో కుట్టే బొంత గుర్తొస్తుంది. మానవికి కప్పాలంటే అలాంటిదే కప్పాలి. తలా ఒక ముక్క తేవాలి.

మానవి అన్న పేరులో దీర్ఘం తీసేస్తే మనవి. మన సభల్లో సినిమా అతిథుల విమాన టిక్కెట్లకయ్యే ఖర్చు అందరికీ తెలిసిందే. అందులో ఒక్క టిక్కెట్టు తగ్గించుకుని, ఆ సొమ్ము ఇలాంటి ఇళ్లకు నెలనెలా, కనీసం ఐదేళ్లపాటు, అడగకుండానే పంపితే? పెద్ద చెక్కు ఒక్కసారి ఇచ్చి వేదిక మీద పట్టుకునే పనేమీ లేదు. ఎలాగూ ఆ ఇళ్లలో ఫొటోలు తీయనివ్వరు.