మిల్లు వారసుడు చేసిన పందెం కారు

సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రముఖుని జీవితం గురించి రాయవలసిందిగా కార్యదర్శిగారు కోరారు. దేశనాయకుల గురించి, కవుల గురించి రాయగల పెద్దలు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు. నేను సర్వీసంతా బస్సుల గ్యారేజీలో, స్పానర్లతో, గ్రీజు చేతులతో గడిపినవాణ్ణి. అందుచేత నాకు తెలిసిన రంగంలోంచే ఒక వ్యక్తిని ఎంచుకున్నాను. ఆయన ఎస్. కరివర్ధన్. కార్ల పందేల లోకంలో అందరూ ‘కరి’ అనేవారు.

కరివర్ధన్ 1954లో కోయంబత్తూరు మిల్లుల కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు మనకు కొత్తదేమీ కాదు. మన గుంటూరు సీమ పత్తి లారీలెక్కి ఆ ఊరి మిల్లులకు పోవడం ఎరిగిందే. పైగా అక్కడి నాయుళ్ల ఇళ్లలో తరతరాలుగా తెలుగు మాట్లాడుకుంటారు. ఆ యాస మన చెవికి కాస్త వింతగా తోచినా, మాట మనదే. 1910లో జి. కుప్పుస్వామి నాయుడుగారు స్థాపించిన లక్ష్మీ మిల్స్ ఈయన కుటుంబానిదే.

ఆ ఊరికి మోటారు పిచ్చి కూడా పాతదే. 1920లో పొల్లాచ్చి–పళని మధ్య ఒకే ఒక్క బస్సుతో మొదలుపెట్టి, పెద్ద బస్సు సంస్థను నిలబెట్టిన జి.డి. నాయుడుగారిది ఆ ప్రాంతమే. బస్సుల మీద బతికిన మనబోటివాళ్లు తలచుకోవలసిన పేరది. అటువంటి ఊళ్లో పుట్టిన కుర్రవాడికి నూలు కంటే ఇంజిను మీద మనసు పోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. విదేశాల్లో కార్ల పందేలు, ర్యాలీలు అంటే కంపెనీల పని. కారు తయారుచేసే కంపెనీయే సొంత జట్టును పెడుతుంది. కారు, విడిభాగాలు, మెకానిక్కులు, డ్రైవరు జీతం అన్నీ కంపెనీవే. ఇటలీ వారి లాన్సియా కంపెనీ జట్టు 1987 నుంచి 1992 దాకా వరసగా ఆరేళ్లు ప్రపంచ ర్యాలీ కంపెనీల టైటిల్ గెలిచిందంటే, దాని వెనక ఒక ఫ్యాక్టరీ బలగం ఉంది. మన దేశంలో ఆ రోజుల్లో కారు కొనాలంటేనే ఏళ్ల తరబడి కాచుకోవాలి. బుక్ చేసుకున్న కార్లే ఇవ్వలేని కంపెనీలు పందేలకు జట్లు ఎక్కడ పెడతాయి? ఆ తరవాత టైర్ల కంపెనీలు ముందుకు వచ్చి ఈ ఆటను పోషించాయి. అంతవరకూ సొంత డబ్బు, సొంత షెడ్డు ఉన్నవాడిదే పందెం.

ఆ పందేలకు పుట్టిల్లు షోలవరం. మన తాడేపల్లి పక్కనుంచి పోయే కలకత్తా–మద్రాసు రోడ్డు పట్టుకుని దక్షిణంగా పోతే, నెల్లూరు, సూళ్లూరుపేట దాటి, మద్రాసు చేరకముందే ఆ ఊరు వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే అది. 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు అక్కడ పందేలు నడిపేది. డ్యూటీ మీద మద్రాసు వెళ్లిన ఒకసారి నేనూ ఆ జనంలో నిలబడి చూశాను. మనం రోజూ చూసే అంబాసిడర్లు, ఫియట్లు, హెరాల్డులే బరువంతా ఊడదీసి, ఇంజిన్లు మార్చి, చెవులు చిల్లులు పడేలా పరుగెత్తేవి. వాటి సరసన విదేశాల నుంచి తెప్పించిన అసలు సిసలు పందెం కార్లూ ఉండేవి. విజయ్ మాల్యా ఒక ఫార్ములా వన్ కారునే తెచ్చి అక్కడ నడిపారు.

కరివర్ధన్ ఈ బరిలో దిగి, దేశంలో మేటి డ్రైవర్లలో ఒకరయ్యారు. ఆయనకున్న ఆస్తికి ఆయనా ఓడ మీద కార్లు దింపుకుని, కప్పులు గెలిచి ఊరుకోవచ్చు. అలా ఊరుకుని ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. ఆయన తానే కార్లు తయారుచేయడం మొదలుపెట్టారు. ‘బ్లాక్ బ్యూటీ’ అని పేరు పెట్టిన ఆయన కారు షోలవరం అభిమానులకు బాగా గుర్తు.

అన్నిటికంటే పెద్ద పని 1980ల చివర్లో జరిగింది. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది కదా, దాని ఇంజిను తీసుకుని, ఒక్క మనిషి కూర్చునే చిన్న పందెం కారును ఆయన రూపొందించారు. అదే ఫార్ములా మారుతి. ఇంజిను మూడు సిలిండర్లది, 796 సీసీ. మెకానిక్కుగా నాకు ఇందులో గొప్పగా తోచేది ఇంజిను శక్తి కాదు, లెక్క. ఆ ఇంజిను సామాను మన ఆటోనగర్ లాంటి ఏ చోటనైనా దొరుకుతుంది. చెడితే ఏ ఊరి మెకానిక్కయినా విప్పి బిగించగలడు. విదేశీ కారయితే ఒక్క విడిభాగం కోసం నెలలు కాచుకోవాలి, దానికి సుంకం కట్టాలి. ఇంకో మేలు కూడా ఉంది. అందరి కార్లూ ఒకే రకం. కాబట్టి గెలుపు తండ్రి ఆస్తిని బట్టి కాక, పిల్లవాడి చెయ్యిని బట్టి తేలుతుంది.

ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా, దీన్ని పొగడడం దేనికని మన మిత్రులు కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పందేలు ఈనాటికీ చవకైన ఆట కాదు. కానీ డబ్బున్నవాడు తన సరదాను తన ఇంటి గేటు లోపలే పెట్టుకున్నాడా, నలుగురికీ తలుపు తీశాడా అన్నది చూడాలి. కరివర్ధన్ తలుపు తీశారు.

1990లో మద్రాసుకు దగ్గరలో, శ్రీపెరంబుదూరు వైపు ఇరుంగట్టుకోట్టైలో అసలైన పందెం ట్రాకు వచ్చింది. కొత్త కుర్రవాళ్లు ఫార్ములా మారుతి కార్లతో అక్కడ చెయ్యి తిప్పుకున్నారు. వారిలో ఒకడు కోయంబత్తూరు పిల్లవాడు, కరివర్ధన్‌కు బంధువు, నారాయణ్ కార్తికేయన్. ఆ అబ్బాయి తండ్రి జి.ఆర్. కార్తికేయన్ గారు ర్యాలీల్లో జాతీయ చాంపియన్‌గా పేరు పొందినవారు. నారాయణ్ 1994లో బ్రిటన్‌లో ఫార్ములా ఫోర్డ్ శీతాకాలపు పోటీ గెలిచాడు. 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో నడిపిన తొలి భారతీయుడయ్యాడు. ఆ ఏడాదే అమెరికా పందెంలో నాలుగో స్థానంలో వచ్చాడు. టైర్ల గొడవతో చాలా కార్లు తప్పుకోగా, ఆ రోజు పరుగెత్తినవి ఆరే. అయినా ఆరింటిలో ఒకటిగా అక్కడ నిలబడడమే మన దేశానికి కొత్త.

ఆ రోజు చూడడానికి కరివర్ధన్ లేరు. 1995 ఆగస్టు 24న విమాన ప్రమాదంలో మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 41. మనలో చాలామందికి సగం సర్వీసు కూడా నిండని వయస్సు అది. ఇంజిన్లతోనే బతికిన మనిషి చివరికి అలా పోవడం తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

అయితే పని ఆగలేదు. కోయంబత్తూరుకే చెందిన బి. విజయ్ కుమార్ గారి పూనికతో 2003లో చెట్టిపాళయంలో రెండు కిలోమీటర్లకు పైబడిన ట్రాకు వెలిసింది. దానికి కరి మోటార్ స్పీడ్‌వే అని ఆయన పేరే పెట్టారు. చిన్న పందెం కార్ల తయారీ కూడా ఆ ఊళ్లో ఆయన తరవాత కొనసాగింది.

కప్పులు అల్మారాలో నల్లబడతాయి. ఎవరు ఏ ఏడు గెలిచారో నాలాంటి వాడికే గుర్తుండదు. నలుగురు ఎక్కి నడపగలిగే బండి చేసి పెడితే, చేసినవాడు పోయినా బండి నడుస్తూనే ఉంటుంది. మన షెడ్లలో మనం పని నేర్పిన కుర్రవాళ్లు ఈనాడు ఎక్కడో ఒక ఇంజిను విప్పుతూనే ఉంటారు. ఇంట్లో మనవళ్లు బండ్ల పిచ్చిలో ఉంటే కసురుకోకుండా, సభ్య మిత్రులు వారికి ఈ కోయంబత్తూరు తెలుగువాడి కథ ఒకసారి చెప్పవలసిందిగా నా మనవి.