ఓటములతో గెలిచిన సేనాని – నతానియేల్ గ్రీన్

అమెరికా స్వాతంత్ర్య సమరమనగానే మన విద్యార్థులకు స్ఫురించేది జార్జి వాషింగ్టన్ నామధేయమే. ఆయన కుడిభుజమై నిలిచిన నతానియేల్ గ్రీన్‌ను ఎరిగినవారు అరుదు.

గ్రీన్ 1742లో రోడ్ ఐలండ్‌లో, యుద్ధాన్ని పాపంగా పరిగణించే క్వేకరు శాఖలో జన్మించాడు. తండ్రి కొలిమిలో ఇనుము సాగగొడుతూనే గ్రంథాలు సేకరించి యుద్ధశాస్త్రం అభ్యసించాడు. 1774లో స్థానిక దళం కుంటివాడన్న కారణంతో ఆయనకు అధికారి పదవి నిరాకరించింది. ఆయన అలుగలేదు, అదే దళంలో సామాన్య సైనికుడై నిలిచాడు. మరుసటి సంవత్సరమే సేనాని అయ్యాడు.

1780 డిసెంబరులో దక్షిణ సేనాధిపత్యం స్వీకరించేనాటికి ఆయనకు దక్కినది సేన అనడానికే సంకోచించవలసిన సమూహం. లెక్కకు రెండువేల పైచిలుకు. తగిన దుస్తులు, ఆయుధాలు గలవారు 800 మందికి లోపే. ఎదుట కారన్‌వాలీసు ప్రభువు. గ్రీన్ ఉన్న కొద్ది బలాన్నీ రెండుగా చీల్చాడు. యుద్ధనీతికి ఇది విరుద్ధమే. కాని శత్రువును చీల్చడానికి వేరొక మార్గం లేదు. 1781 జనవరిలో కౌపెన్స్ వద్ద మోర్గాన్ విజయం సాధించగా, క్రుద్ధుడైన కారన్‌వాలీసు వేగంకొరకు తన సామగ్రిని తానే దహింపజేసి వెంటపడినాడు. గ్రీన్ ముందుగానే పడవలు సిద్ధపరచుకొని డాన్ నది దాటిపోయాడు. మార్చి 15న గిల్‌ఫర్డ్ వద్ద రణరంగం ఆంగ్లేయులకే దక్కింది. కాని వారి 1,900 మందిలో 500 మందికి పైగా హతులో క్షతగాత్రులో అయ్యారు. క్షీణించిన ఆ సేనతో కారన్‌వాలీసు వర్జీనియాకు మరలి, అక్టోబరులో యార్క్‌టౌన్ వద్ద లొంగిపోయాడు. 1792లో శ్రీరంగపట్టణం వద్ద టిప్పు సుల్తాను రాజ్యంలో సగం అపహరించిన సేనాపతి ఇతడే!

హాబ్‌కర్క్స్ హిల్ వద్దా గ్రీన్ ఓడినాడు. నైంటీ సిక్స్ కోటను పట్టలేకపోయాడు. అయినా 1782 డిసెంబరులో ఆంగ్లేయులు చార్లెస్టన్‌ను ఖాళీచేసి ఓడలెక్కారు.

సైనికుల దుస్తులకై గ్రీన్ ఒక వర్తకుని ఋణాలకు పూచీపడినాడు. వర్తకుడు దివాలా తీయగా అప్పులవారు గ్రీన్‌పై పడ్డారు. కృతజ్ఞతగా జార్జియా ఇచ్చిన మల్బరీ గ్రోవ్ క్షేత్రాన్ని ఆయన నీగ్రో బానిసలచేతనే సాగుచేయించాడు. స్వాతంత్ర్యయోధుని చరిత్రలో ఈ కళంకాన్ని దాచలేము. 1786 జూన్ 19న, 43 ఏళ్ళ ప్రాయంలో, వడదెబ్బవలన అక్కడే మరణించాడు. ఆ ఋణభారం నుండి ఆయన భార్య కేథరిన్‌కు అమెరికా కాంగ్రెసు విముక్తి కల్పించడానికి 1792 వరకు పట్టింది.