యూదతత్త్వవేత్త మోసెస్ మెండెల్‌సోను

క్రైస్తవమును మహమ్మదీయమును తమ బోధ సర్వజనుల కుద్దేశింపఁబడినదని చాటుచుండఁగా, ఆ రెంటికంటెను ప్రాచీనమైన యూదమతము అనేక శతాబ్దములుగా అన్యులను తనలోనికి రండని పిలువకున్నది. ఇది గర్వమువలనఁ గలిగిన మౌనమని కొందఱు నిందింతురు. తమ్ము దేవుఁడు ప్రత్యేకముగా నెన్నుకొనెనని నమ్మువారికి ఇతరుల గతితోఁ బనిలేదని వారి యాక్షేపణ. ఈ యాక్షేపణకు లోకమెల్ల వినుచుండఁగా సమాధానము చెప్పవలసివచ్చిన యొక మహనీయుని చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

మోసెస్ మెండెల్‌సోను 1729వ సంవత్సరము సెప్టెంబరు 6వ తేదిని జర్మనీదేశమందలి డెస్సౌ పట్టణమున జనించెను. తండ్రి తోరాగ్రంథపు ప్రతులను చేతితో వ్రాయు లేఖకుఁడు, నిరుపేద. బాలుఁడు పసితనముననే వెన్నెముక వంగి గూనివాఁడయ్యెను. పండ్రెండవ శతాబ్దపు మహాపండితుఁడగు మైమోనిడీసుని తత్త్వగ్రంథమును రేయింబవళ్లు చదువుటచేతనే తన వెన్ను వంగినదని ఆయన తరువాతికాలమున హాస్యమాడుచుండెను. గురువగు రబ్బీ డేవిడ్ ఫ్రెంకెల్ 1743లో బెర్లిను నగరమునకుఁ బోఁగా, పదునాలుగేండ్ల యీ శిష్యుఁడును కాలినడకను వెంబడించెను. నాఁడు బెర్లినులో యూదుఁడు నివసించుట హక్కు కాదు, ఏలినవారి దయ. అనుమతిపత్రమైనను, అట్టి పత్రముగల ధనికుని యాశ్రయమైనను లేనివానికి నగరమున నిలువనీడ లేదు. అర్ధాకలితో కాలము గడపుచు ఆయన జర్మను, లాటిను, ఫ్రెంచి, ఆంగ్లభాషలను గణితమును నేర్చెను. 1750లో పట్టువస్త్రముల కర్మాగారపు యజమాని యొకఁడు ఆయనను తన బిడ్డలకు ఉపాధ్యాయునిగాఁ బెట్టుకొనెను. పిమ్మట ఆ కర్మాగారముననే లెక్కలు వ్రాయువాఁడై, క్రమముగా భాగస్వామియు నయ్యెను. పగలెల్ల పట్టు బేరములు, రాత్రులు తత్త్వవిచారము. కడవఱకు ఇదే ఆయన దినచర్య.

1754లో నాటకకర్తయగు లెస్సింగుతో స్నేహము కుదిరెను. 1763లో బెర్లిను అకాడెమీవారు పెట్టిన వ్యాసపుఁబోటీలో ఆయనకు ప్రథమబహుమానము లభించెను. రెండవస్థానము పొందినవాఁడు ఇమాన్యుయెల్ కాంటు. ఆ యేఁటనే ప్రష్యారాజగు ఫ్రెడరికు ఆయనకు నివాసపు హక్కునిచ్చెను గాని, అది బిడ్డలకు సంక్రమింపదు. 1771లో అకాడెమీవారు తమ సభ్యునిగా నెన్నుకొనఁగా రాజు ఆమోదింపలేదు. రాజు స్వేచ్ఛాచింతకుఁడని పేరుపొందినవాఁడే సుమీ!

ఆత్మ నాశరహితమని నిరూపింప ఆయన రచించిన ఫేడాను అను గ్రంథము 1767లో వెలువడి ఐరోపాయంతటను ఆదరింపఁబడెను. ఈ కీర్తియే ఆపదకు మూలమయ్యెను. జ్యూరికు నగరపు క్రైస్తవబోధకుఁడు లావటరు అంతకుఁ గొన్నియేండ్ల క్రిందట ఆయన యింటికి వచ్చి ముచ్చటించియుండెను. ఆ యేకాంతసంభాషణమున మెండెల్‌సోను యేసుక్రీస్తు సచ్ఛీలముపట్లఁ గొంత గౌరవమును చూపెను. లావటరు 1769లో క్రైస్తవమత సత్యమును స్థాపించు నొక ఫ్రెంచిగ్రంథమును జర్మనులోనికి మార్చి, దానిని మెండెల్‌సోనున కంకితమిచ్చి, ఇందలి యుక్తులను బహిరంగముగా ఖండింపుమనియు, లేనిచో సోక్రటీసువంటి సత్యప్రియుఁడు చేయఁదగినట్లు చేయుమనియు, అనఁగా క్రైస్తవుఁడవు కమ్మనియు, సవాలు చేసెను. న్యాయస్థానములను ఎఱిఁగిన మాకు ఇది మిక్కిలి అక్రమమైన దావాగాఁ దోఁచుచున్నది. ఖండించిన, రాజ్యమున ప్రబలమగు మతమును దూషించిన నేరము తన జాతిపైఁ బడును. మౌనము వహించిన, ఓటమి నొప్పుకొన్నట్లగును.

1769 డిసెంబరులో మెండెల్‌సోను వ్రాసిన ప్రత్యుత్తరమున ఆ గ్రంథపు యుక్తులను ఖండించుటకుఁ బూనుకొనలేదు. అన్యులను మాఱ్చుట యూదుల ధర్మమే కానందున తనకు వివాదముతోఁ బనిలేదని వివరించెను. మోషేద్వారా లభించిన ధర్మశాస్త్రము ఇశ్రాయేలు సంతతికి మాత్రమే విధి. తక్కిన జనులందఱికిని ప్రకృతిధర్మమే చాలును. దానినే పూర్వపు రబ్బీలు నోవహు సంతతికి విధింపఁబడిన యేడు ధర్మములుగాఁ జెప్పుదురు: విగ్రహారాధనము, దైవదూషణము, నరహత్య, వ్యభిచారము, చౌర్యము, బ్రతికియున్న జంతువునుండి కోసిన మాంసమును తినుట, ఈ యాఱింటిని విడుచుట, న్యాయస్థానములను నెలకొల్పుట యేడవది. (న్యాయవిచారణము దైవవిధులలోఁ జేరియుండుట మా వృత్తివారికి ముదావహము.) అన్యజాతుల సజ్జనులకును పరలోకమున భాగము కలదు. కన్ఫ్యూషియసువంటి మహాత్ముఁడు తన కాలమున జీవించియున్నచో, ఆతని మతము మాఱ్పఁగోరక ప్రేమించి గౌరవింపఁగలనని ఆయన తెలిపెను. లావటరు పిమ్మట క్షమాపణ వేఁడెనుగాని వివాదము చల్లాఱలేదు. 1771లో మెండెల్‌సోనునకు నరములవ్యాధి సోఁకి, కొంతకాలము చదువునకును వ్రాఁతకును దూరము చేసెను.

ఇంతకంటె కఠినమైన సంకటము ఇంటిలోనే యుండెను. అన్యుఁడు ఆ యేడు ధర్మములను బుద్ధిచేత గ్రహించి ఆచరించిన చాలదనియు, అవి మోషేద్వారా దేవుఁడు తెలిపినవని యంగీకరించి ఆచరించినఁగాని పరలోకభాగము లేదనియు మైమోనిడీసు వ్రాసియుండెను. మోషే పేరైనను వినని జనుల గతి యేమి? చిన్ననాఁటినుండి గురువుగాఁ గొలిచినవాని యీ మాట మెండెల్‌సోనును కలఁచెను. 1773లో ఆయన ఆల్టోనాలోని మహాపండితుఁడు జేకబ్ ఎమ్డెనునకు లేఖ వ్రాసి సందేహనివృత్తి కోరెను. ఎమ్డెను మైమోనిడీసునే సమర్థించెను. మెండెల్‌సోను మాత్రము తన నమ్మకమును విడువలేదు. ఈ విషయమున శిష్యుఁడే గురువును మించెనని మా యభిప్రాయము.

1783లో వెలువడిన యెరూషలేము అను గ్రంథమున ఈ నమ్మకము పరిపూర్ణరూపము తాల్చెను. దేవుఁడు కలఁడు, ఆత్మ నిత్యము మొదలగు శాశ్వతసత్యములను దేవుఁడు ఒక్కజాతికి రహస్యముగాఁ జెప్పలేదు. బుద్ధిగల ప్రతిమనుష్యునికిని తెలియునట్లు సృష్టియందే యుంచెను. సీనాయి కొండపై యూదులకు లభించినది ఆచారవిధి మాత్రమే. విశ్వాసమును నిర్బంధించు నధికారము రాజునకును లేదు, మతసంఘమునకును లేదు. కాఁబట్టి వెలివేయుట అధర్మము. మాకు మిక్కిలి దగ్గఱ విషయమును ఇందుఁ గలదు. ఈస్టిండియా కంపెనీ యుద్యోగి హాల్వెలు హిందువులనుగూర్చి వ్రాసిన గ్రంథమును ఆయన చదివియుండెను. పరజాతి సంకేతముల యంతరార్థము నెఱుఁగక వారిని విగ్రహారాధకులని త్రోసివేయరాదని ఆయన హెచ్చరించెను. యెరూషలేము దేవాలయమును కొల్లగొట్టినవారు కెరూబుల ప్రతిమలను చూచి, అవియే యూదుల దేవతలని భ్రమించిరఁట!

మతములన్నిటిని కలిపి యొక్కటిగాఁ జేయుటకును ఆయన యొప్పలేదు. అట్టి యైక్యము బుద్ధిస్వాతంత్ర్యమునకు ఉరియనియు, వైవిధ్యమే ఈశ్వరసంకల్పమనియు ఆయన భావము. సర్వమతసమన్వయమును ఆశించు మావంటివారికి ఇది కొంత చేఁదుగనే యుండును. సత్యములు అందఱికిని సమానమైనపుడు యూదుఁడు తన విధుల బరువును ఏల మోయవలయునన్న ప్రశ్నకు, దేవుఁడు కట్టిన ముడిని మనుష్యుఁడు విప్పరాదనుటయే ఆయన యుత్తరము. ఆయన మాత్రము ఆ విధులను తుదివఱకు తప్పక నడపెను.

1786 జనవరి 4వ తేదిని బెర్లినులో ఆయన మృతినొందెను. బ్రతికిన యార్గురు బిడ్డలలో నలుగురు కాలక్రమమున క్రైస్తవులైరి. జోసెఫ్, రేఖా అను నిరువురు మాత్రమే తండ్రిమతమున నిలిచిరి. మనుమఁడును ప్రసిద్ధసంగీతరచయితయునగు ఫేలిక్సునకు 1816లో, ఏడేండ్లప్రాయమున, బాప్తిస్మ మిప్పింపఁబడెను.