తూకమెరిగిన వైమానికుడు

చార్లెస్ లిండ్‌బర్గ్ 1902లో అమెరికాలోని డెట్రాయిటు నగరమున జన్మించెను. 1974లో హవాయి ద్వీపములలో మరణించెను. యౌవనమున తపాలా సంచులు మోయు విమానములను నడుపుచుండెను.

న్యూయార్కునుండి ప్యారిసునకు మధ్యలో దిగకుండ ఎగిరినవారికి 25,000 డాలర్ల బహుమానము 1919లోనే ప్రకటింపబడెను. 1926 సెప్టెంబరులో ఫ్రెంచి యుద్ధవీరుడు ఫాంక్ అందులకు పూనుకొనగా, మితిమీరిన బరువుతో విమానము నేల విడువజాలక కూలి ఇద్దరు మరణించిరి.

లిండ్‌బర్గ్ ఒక్క ఇంజనుగల చిన్న విమానమును కోరెను. తోడు లేదు, రేడియో లేదు, పారాచూటు లేదు; కూర్చుండుటకు పేముకుర్చీ. పటముల అంచులను సైతము కత్తిరించివేసెను. ఈ పొదుపంతయు పెట్రోలు కొరకే! ఖాళీ విమానము సుమారు 975 కిలోలు; అందు నింపదలచిన 450 గ్యాలనుల పెట్రోలు సుమారు 1,220 కిలోలు. అంత బరువు క్రమముగ తరిగిపోవుచుండగా విమానము ముందునకో వెనుకకో మ్రొగ్గు ప్రమాదము కలదు. అందుచే పెట్రోలును ఐదు తొట్లలో పంచి, పెద్దతొట్టిని గురుత్వకేంద్రమునకు చేరువగ, రెక్క క్రిందనే అమర్చిరి. వైమానికుని స్థానము దాని వెనుక. ఎదుటి దారి కానరాదు. పక్క కిటికీలు, ఒక చిన్న పెరిస్కోపు, అంతే. అయినను లిండ్‌బర్గ్ ఈ ఏర్పాటునే కోరెను. కూలినచో ఇంజనుకును తొట్టికిని నడుమ నలిగిపోవుట అతనికి సమ్మతము కాదు.

1927 మే 20 ఉదయమున, వానకు తడిసిన నేలపై విమానము భారముగ పరుగెత్తి, మైదానము చివరనున్న టెలిఫోను తీగెలను కొద్ది అడుగుల ఎడముతో దాటెను. 33 గంటల 30 నిమిషముల పిదప, 21వ తేదీ రాత్రి, ప్యారిసులో దిగునప్పటికి తొట్లలో ఇంకను 85 గ్యాలనుల పెట్రోలు మిగిలియుండెను.